రొక్కపు కొరతా, ఆస్తి కొరతా? — సంక్షోభ సమయములలో కేంద్రబ్యాంకు అధిపతులు

వర్తకుని ఇంట పుట్టినవారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గల్లాపెట్టెలో రొక్కము లేకపోవుట వేరు. ఆస్తికంటె అప్పు మించిపోవుట వేరు. మొదటిది పండుగ ముందర ప్రతి దుకాణమునకును వచ్చునదే. సరకు గోదాములో ఉన్నది, బాకీలు ఊళ్లమీద ఉన్నవి, చేతిలో మాత్రము డబ్బు ఆడదు. రెండవది వచ్చినదని చాలమందికి చిట్టా ఆవర్జాలు కూడి చూచుకొనువరకు తెలియదు, తెలిసినను ఒప్పుకొనరు. బయటివారికి ఈ రెండును ఒకేరీతిగా కనబడును. "రేపు రండి" అను మాటయే రెండు చోట్లను వినబడును.

ఒక బ్యాంకు వాకిట జనము గుమిగూడినప్పుడు ఆ దేశపు కేంద్రబ్యాంకు అధిపతి ఎదుట నిలుచు ప్రశ్నయు ఇదియే. ఈ కోఠీకి రొక్కము తక్కువైనదా, ఆస్తియే తక్కువైనదా? మొదటిదైనచో అప్పిచ్చి నిలుపవలెను. రెండవదైనచో అప్పిచ్చుట బూడిదలో పోసిన పన్నీరే. వినుటకు సులభముగానే ఉన్నది. చిక్కెక్కడ అనగా, జవాబు చెప్పుటకు ఆయనకు దొరకు వ్యవధి ఒక్కొక్కప్పుడు శని ఆదివారములు రెండే. ఇంగ్లాండులోను మన దేశములోను ఈ ప్రశ్నను ఎదుర్కొన్న కొందరి సంగతి ఇక్కడ చెప్పదలచితిని. అంతకుముందు ఒక చిన్న లెక్క వేసి చూతము.

ఒక షావుకారు వద్ద పదిమంది దాచుకొన్న సొమ్ము 1,00,000 రూపాయలు. అడిగిననాడు ఇవ్వవలెను. ఆయన పెట్టెలో రొక్కము 8,000; మూడు నెలల గడువుగల మంచి హుండీలు 1,20,000. అనగా అప్పులన్నియు తీర్చినను 28,000 మిగులును. గట్టి కోఠీయే. ఇట్లుండగా ఊరిలో ఏదో పుకారు పుట్టి పదిమందియు ఒకేనాడు వచ్చిరి. ఆయన హుండీలను బజారులో అమ్మబోయెను. బెదిరిన బజారు నూటికి ముప్పది తగ్గించి అడిగినది. వచ్చినది 84,000. పెట్టెలోని 8,000 కలిపినను 92,000. ఎనిమిది వేలకు దివాలా! ఉదయము గట్టివాడైన మనుష్యుడు సాయంకాలమునకు నిజముగానే మునిగిపోయెను. అబద్ధముగా పుట్టిన పుకారు తనంతట తానే నిజమైనది.

ఇప్పుడు అవే హుండీలను తాకట్టు పెట్టుకొని కేంద్రబ్యాంకు 92,000 అప్పిచ్చినదనుకొందము. వడ్డీ సాలుకు నూటికి తొమ్మిది, అనగా బజారు మామూలుకంటె హెచ్చు. మూడు నెలలకు 2,070. గడువు తీరి హుండీలు వసూలైన తరువాత అసలును వడ్డీయు పోగా షావుకారునకు 25,930 మిగులును. దాచుకొన్నవారికి పైసలతో సహా ముట్టినది. కేంద్రబ్యాంకునకు వడ్డీ వచ్చినది.

మరియొక విధముగా చూడుడు. ఆ హుండీలలో 40,000 షావుకారు మేనల్లుని మూతపడిన మిల్లువి అనుకొనుడు. అప్పుడు ఉన్న ఆస్తి 88,000 మాత్రమే. పండ్రెండు వేల లోటు. కేంద్రబ్యాంకు ఇది తెలియక 50,000 ఇచ్చి, తెలిసినపిమ్మట ఆపినదనుకొనుడు. ముందు వచ్చినవారు 58,000 పూర్తిగా పట్టుకొనిపోయిరి. మిగిలినవారికి రావలసినది 42,000. వడ్డీ సంగతి విడిచినను ఇక ఉన్నది 30,000. లోటంతయు, షావుకారును నమ్మి ఇంటివద్ద కూర్చున్నవారి నెత్తిన పడినది. దయతో ఇచ్చిన అప్పు పరుగెత్తినవానికి బహుమానమును, నమ్మినవానికి శిక్షయు అయినది. అందుచేతనే, సహాయము చేయుట ఎల్లప్పుడును మంచిదేకదా అనువారితో నేను ఏకీభవింపను.

ఇక లండను నగరమునకు పోదము. అక్కడ ఓవరెండ్ గర్నీ అను హుండీల కోఠీ ఉండెడిది. గర్నీలు నార్విచ్ పట్టణపు క్వేకరు కుటుంబము. క్వేకర్లనగా ఆడినమాట తప్పరని పేరుపడిన చిన్న క్రైస్తవ సమాజము. మన వర్తక కుటుంబములవలెనే ఒకరినొకరు ఎరిగి, పేరుమీద వ్యాపారము నడిపినవారు. మంచి హుండీలను వట్టమునకు కొనుట వృత్తిగా పెద్దలు సంపాదించిన పరపతిని తరువాతి తరమువారు ఓడల కంపెనీలలోను రైలుమార్గముల కాగితములలోను ఇరికించిరి. 1865లో కోఠీని లిమిటెడు కంపెనీగా మార్చి వాటాలు జనమునకు అమ్మిరి. ఖాతాలు చూచి కొన్నవారు తక్కువ, పేరు చూచి కొన్నవారు ఎక్కువ. మరుసటి ఏడు మే నెలలో వారు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండును సహాయము కోరిరి. బ్యాంకువారు లెక్కలు తెప్పించి చూచి, ఇవ్వమనిరి. 1866 మే 10వ తేదీ గురువారమునాడు కోఠీ చెల్లింపులు నిలిపివేసెను. అప్పులు కోటి పౌన్లకు పైబడినవి.

మరునాటి శుక్రవారమును లండను వర్తకులు నల్లని శుక్రవారమని చెప్పుకొందురు. ప్రతి బ్యాంకు వాకిటను జనమే. అప్పటి గవర్నరు లాన్సిలాట్ హాలెండు. ముందునాడు ఆ ఒక్క కోఠీకి లేదనిన బ్యాంకే ఆనాడు మంచి తాకట్టు తెచ్చిన ప్రతివానికిని ఇచ్చినది. ఒక్కరోజులో దాదాపు 40 లక్షల పౌన్లు పోయినవి. చేతినిల్వ ఇంచుమించు సగమునకు దిగినది. 1844 నాటి చట్టము నోట్ల జారీకి హద్దు పెట్టియుండెను. అవసరమైనచో ఆ హద్దు దాటవచ్చునని ప్రభుత్వము లేఖ ఇచ్చెను. వడ్డీ మాత్రము నూటికి పది చేసి మూడు నెలలు అట్లే ఉంచిరి.

ఈ రెండు పనులను విడివిడిగా చూచినవారికి బ్యాంకు గురువారము కఠినముగాను శుక్రవారము ఉదారముగాను నడచినట్లు తోచును. నిజమునకు రెండును ఒక్కటే. చెడినదానిని విడిచినందువలననే మంచివారి కొరకు నిల్వ మిగిలినది. వాల్టర్ బాజట్ అను పత్రికాసంపాదకుడు దీనిని 1873లో తన 'లాంబార్డ్ స్ట్రీట్' గ్రంథములో సూత్రముగా చెప్పెను: భయకాలమున ధారాళముగా అప్పిమ్ము, మంచి తాకట్టుపై ఇమ్ము, హెచ్చు వడ్డీకి ఇమ్ము. హెచ్చు వడ్డీ ఎందులకనగా, అవసరము లేనివాడు ముందుజాగ్రత్తకని వచ్చి వరుసలో నిలువకుండుటకు. బాజట్ ఎన్నడును గవర్నరు కాలేదు. అయినను నేటివరకును గవర్నర్లు అతని పేరు చెప్పుకొనుచునే ఉన్నారు.

నాకు అన్నిటికంటె ఆసక్తికరముగా తోచునది బేరింగు కోఠీ కథ. ఒకే కోఠీ, ఒకే కేంద్రబ్యాంకు, నూరేండ్ల ఎడమున రెండు వేరు వేరు జవాబులు.

1890 నాటికి బేరింగు సోదరుల పేరు లండనులో బంగారముతో సమానము. వారు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమునకు విరివిగా అప్పులు కుదిర్చిరి. బ్యూనస్ ఎయిరిస్ పట్టణపు నీటి సరఫరా, మురుగుకాలువల కంపెనీ కాగితములను 1888లో తామే పూచీపడి తీసికొనగా, జనము కొనక అవి వారి చేతిలోనే మిగిలినవి. 1890 జూలైలో ఆ దేశమున తిరుగుబాటు పుట్టినది. కాగితములు అమ్ముడుపోవు, తామంగీకరించిన హుండీల గడువులు ఆగవు. నవంబరు 8వ తేదీ శనివారమున ఈ సంగతి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు గవర్నరు విలియం లిడర్డేలు చెవినబడెను. మొత్తము అప్పులు దాదాపు 2 కోట్ల 10 లక్షల పౌన్లు. బ్యాంకునకున్న నిల్వతో తీరునది కాదు.

లిడర్డేలు పండితుడు కాడు. రాత్‌బోను వారి కోఠీలో పనిచేసి పైకి వచ్చిన వర్తకుడు. ఆయన మొదట చేసిన పని మాట బయటికి పొక్కనీయకుండుట. రెండవది, అనుభవజ్ఞులైన ఇద్దరిచేత బేరింగు ఖాతాలు చూపించుట. వ్యవధి ఇచ్చినచో ఆస్తి అప్పులను మించునని వారు చెప్పిరి. రొక్కపు కొరతయేగాని ఆస్తి కొరత కాదని తేలినపిమ్మటనే ఆయన కదలెను. రాత్‌షీల్డుల ద్వారా ఫ్రాన్సు బ్యాంకునుండి 30 లక్షల పౌన్ల బంగారము, రష్యా ప్రభుత్వమునుండి 15 లక్షల పౌన్ల బంగారము తెప్పించెను. బేరింగు వద్ద ఉన్న తన సొమ్మును ఇప్పట్లో తీసికొననని రష్యాచేత చెప్పించెను. నష్టములో కొంత పంచుకొననిచో బేరింగు హుండీలను తాను ఇకమీదట పట్టనని ప్రభుత్వమునకు చెప్పి, ఒక్కనాటికి సగము పూచీ రాబట్టెను. ఆ ఒక్కనాటిలోనే లండను బ్యాంకులన్నిటిని పిలిచి జామీను పత్రము ముందు పెట్టెను. మొదటి చేవ్రాలు తన బ్యాంకుదే, 10 లక్షల పౌన్లకు. తరువాత రాత్‌షీల్డులు, ఇతర కోఠీలు, బ్యాంకులు. కొన్ని దినములలో జామీను మొత్తము 1 కోటి 70 లక్షలకు పెరిగెను.

జనమునకు బేరింగు చిక్కు సంగతియు, జామీను సంగతియు ఇంచుమించు ఒకేసారి తెలిసినవి. పరుగెత్తుటకు కారణము దొరకలేదు. జామీనుదారులు చివరకు ఒక్క పౌనైనను చెల్లింపవలసిన పని పడలేదు. 1894 నాటికి బ్యాంకు అప్పు తీరినది. ఐతే, బేరింగు భాగస్వాములు తమ సొంత ఇండ్లు వాకిళ్లు చిత్రపటములతో సహా ఒప్పగింపవలసి వచ్చినది. ఇది ముఖ్యము. కోఠీని నిలిపిరిగాని కోఠీదారులను తప్పు ఫలమునుండి తప్పింపలేదు. లిమిటెడు అను మాట వారికి అప్పటికి అడ్డు లేదు. ఆ తరువాతనే కోఠీని లిమిటెడు కంపెనీగా మార్చిరి.

అదే బేరింగు 1995 ఫిబ్రవరిలో మరల పడినది. సింగపూరు శాఖలో నిక్ లీసన్ అను ఇరువది ఎనిమిదేండ్ల ఉద్యోగి జపాను వాటాల ముందస్తు బేరములు చేయుచు, నష్టములను 88888 అను సంఖ్యగల ఒక మరుగు ఖాతాలో దాచుచు వచ్చెను. బేరము చేయువాడును, లెక్క వ్రాయువాడును ఒకడే! మన దుకాణములలో చిన్న గుమాస్తాకైనను ఇట్టి వెసులుబాటు ఇవ్వము. జనవరి 17న జపానులో కోబె భూకంపము వచ్చి ధరలు దిగజారినవి. నష్టము 82 కోట్ల 70 లక్షల పౌన్లు. కోఠీ మూలధనమంతయు పోయినను తీరదు.

అప్పటి గవర్నరు ఎడ్డీ జార్జి శని ఆదివారములలో లండను బ్యాంకర్లను పిలిచి 1890 నాటి ఉపాయమునే ప్రయత్నించెను. వారు కొంత మూలధనము వేయుటకు సిద్ధపడిరి. కాని లీసన్ చేసిన బేరములు ఇంకను తెరచియే ఉన్నవి. సోమవారము టోక్యో బజారు తెరచినపిమ్మట నష్టము ఎంతవరకు పోవునో చెప్పగలవాడు లేడు; ఆ హద్దుకు పూచీపడువాడును దొరకలేదు. అర్జెంటీనా కాగితములకు వ్యవధి ఇచ్చినచో విలువ వచ్చును. ఈ బేరములకు వ్యవధి ఇచ్చినచో నష్టము పెరుగవచ్చును. పైగా ఈ కోఠీ పడినంతమాత్రమున తక్కిన బ్యాంకులు పడవని జార్జి నిశ్చయించుకొనెను. ప్రభుత్వ ధనము పెట్టలేదు. ఆదివారము రాత్రి కోఠీని న్యాయస్థానపు నిర్వాహకులకు ఒప్పగించిరి. కొలదిదినములలో హాలెండు దేశపు ఐఎన్‌జీ సంస్థ అప్పులతో సహా ఒక్క పౌనుకు కొనెను. డిపాజిట్టుదారులు నష్టపడలేదు, వాటాదారుల ధనము, కోఠీ బాండ్లు కొన్నవారి ధనము పోయినది. బజారు కొంత ఊగి నిలిచినది. జార్జి అనుకొన్నదే జరిగినది.

మన దేశమునకు వత్తము. 1906 అక్టోబరు 22న చెన్నపట్టణములో ఆర్బత్నాట్ కోఠీ మూతపడినది. దక్షిణదేశమున ఉద్యోగులు, వితంతువులు, చిన్న వర్తకులు ఎందరో అందులో సొమ్ము దాచియుండిరి. తెలుగు, తమిళము అని భేదము లేదు. లండను భాగస్వామి జూదపు బేరములవలన ఆస్తియే హరించిపోయినది కనుక కేంద్రబ్యాంకు ఉన్నను ఆ కోఠీ నిలిచెడిది కాదు. కాని భయముతో ఊగిన తక్కిన కోఠీలకైనను తట్టుటకు అప్పుడు తలుపు లేదు. రిజర్వు బ్యాంకు పుట్టినది 1935 ఏప్రిలు 1న.

ఆ రిజర్వు బ్యాంకునకు గడ్డు పరీక్ష 1960లో వచ్చినది. కేరళలో పాలాయి సెంట్రల్ బ్యాంకు పెద్ద బ్యాంకులలో ఒకటి. దాని అప్పులలో వసూలుకానివి చాల ఉన్నవని 1950ల ఆరంభము నుండియు తనిఖీలలో తెలియుచునే ఉన్నది. దిద్దుకొనుడని చెప్పుచు, గడువులిచ్చుచు వచ్చిరి. కఠినముగా పోయినచో జనము బెదరి బ్యాంకు అప్పుడే కూలునేమోనను భయము. తుదకు గవర్నరు హెచ్.వి.ఆర్. అయ్యంగారి హయాములో 1960 ఆగస్టు 8న రిజర్వు బ్యాంకే హైకోర్టుకు పోయి ఆ బ్యాంకును మూయింపుమని కోరెను. కేరళలోని ఇతర బ్యాంకుల మీదికి జనము పరుగెత్తిరి. పార్లమెంటులో పెద్ద చర్చ జరిగినది. ఎందుకు మూసితిరని కొందరు, ఇన్నేండ్లు ఎందుకు మూయలేదని కొందరు.

నా మట్టుకు రెండవవారి మాటలోనే పస ఎక్కువ కనబడుచున్నది. లెక్క తప్పుకాలేదు, ఆస్తి కొరత నిజమే. కాని ఆస్తి కొరత ఉన్న కోఠీకి ఇచ్చు ప్రతి గడువులోను కొత్తవారు వచ్చి సొమ్ము వేయుచుందురు. కేంద్రబ్యాంకు తనిఖీ చేసియున్నదిగదా అను నమ్మకముతోనే వేయుదురు. లిడర్డేలునకు తెలిసినది వారము దినములలోపే. పనియు ఆ వారములోనే జరిగినది. పాలాయిలో తెలిసినది చాల ఏండ్లు ముందు. సంక్షోభ సమయమున గవర్నరు ఏమిచేసెనని చూచుటకంటె, తెలిసిననాటికిని కదిలిననాటికిని నడుమ ఎన్ని దినములు గడచినవో లెక్కపెట్టుట మంచిదని నాకు తోచును.

ఆ దెబ్బవలన రెండు మేళ్లు జరిగినవి. చిక్కులోనున్న బ్యాంకు చెల్లింపులను కొంతకాలము నిలిపి, దానిని గట్టి బ్యాంకులో కలుపు అధికారము చట్టములో చేరినది. 1961లో డిపాజిట్టు బీమా చట్టము వచ్చి, 1962 జనవరి 1 నుండి ఒక్కొక్కరికి 1,500 రూపాయల వరకు బీమా కలిగినది.

2008లో అమెరికాలో లీమన్ బ్రదర్సు సెప్టెంబరు 15న కూలగా, మరునాడే ఏఐజీ బీమా కంపెనీకి అచ్చటి కేంద్రబ్యాంకు 8,500 కోట్ల డాలర్లు అప్పిచ్చెను. మొదటిదానికి సరిపడు తాకట్టు లేదనియు, రెండవదానికి బీమా వ్యాపారపు ఆస్తి ఉన్నదనియు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ చెప్పెను. ఒప్పుకొననివారు నేటికిని ఉన్నారు. ఆ సమయమున మన రిజర్వు బ్యాంకులో వెనుకముందులుగా ఇద్దరు తెలుగువారు గవర్నర్లు. వై.వి. రెడ్డిగారు బజారు ఉప్పొంగుచున్ననాడే, అనగా 2005, 2006 సంవత్సరములలో, భవన వ్యాపారపు అప్పులకు బ్యాంకులు ఎక్కువ మూలధనము చూపవలెనని నిబంధన బిగించిరి. అప్పుడు చాలమంది విసుగుకొనిరి. దువ్వూరి సుబ్బారావుగారు పదవి చేపట్టినది లీమన్ కూలుటకు పదిదినముల ముందు. ఆ నెలాఖరున ఐసీఐసీఐ బ్యాంకును గూర్చి పుకార్లు లేచి జనము బారులుతీరగా, ఆ బ్యాంకునకు తగిన రొక్కము కలదని రిజర్వు బ్యాంకు ప్రకటించి, శాఖలకు నోట్లు అందునట్లు ఏర్పాటు చేసినది. అక్టోబరు మొదలు 2009 ఏప్రిలు వరకు రెపో వడ్డీని 9 నుండి 4.75 వంతులకు దించిరి. ఒకరు ముందు బిగించినందున రెండవవారికి వదలుటకు చోటు దొరికినది.

పాలాయి తరువాత వచ్చిన అధికారమును 2020 మార్చి 5న యెస్ బ్యాంకుపై ప్రయోగించిరి. గవర్నరు శక్తికాంత దాసు. ఖాతాదారుడు 50,000 రూపాయలకు మించి తీయరాదనిరి. స్టేటు బ్యాంకు మొదలైన బ్యాంకులచేత మూలధనము పెట్టించి, మార్చి 18న ఆంక్ష ఎత్తివేసిరి. డిపాజిట్లు అన్నియు దక్కినవి. కాని ఆ బ్యాంకు అమ్మిన ఒకరకపు బాండ్లు, 8,400 కోట్లకు పైబడినవి, సున్న చేసిరి. హెచ్చు వడ్డీకి ఆశపడి, డిపాజిట్టువంటిదే అనుకొని కొన్నవారు అందులో ఉన్నారు. ఆ తగవు న్యాయస్థానములకెక్కినది.

మనవారు తరచు అడుగు ఒక సంగతి చెప్పి విరమింతును. డిపాజిట్టు బీమా 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలు అయినది. ఇది అసలును వడ్డీయు కలిపి, ఒక్కొక్క బ్యాంకునకు ఒక్కొక్క మనిషికి. ఒకే బ్యాంకు నాలుగు శాఖలలో నాలుగు ఖాతాలున్నను అన్నియు ఒక్కటిగానే కూడుదురు. వేరు బ్యాంకులో ఉన్నది వేరు. భాగస్వామ్యపు కోఠీ పేరిట ఉన్న ఖాతాను భాగస్వామి సొంత ఖాతాతో కలుపరు. 2021 సవరణ ప్రకారము, బ్యాంకుపై ఆంక్ష విధించిన 90 దినములలో ఈ సొమ్ము ముట్టవలెను.